బండలు చూసే పని

ఎన్నికల్లో మేడం ఓడిపోయారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరిదాకా మీరు దానికోసమే ఎదురుచూస్తారు. మన దగ్గర ఎన్నికల ముచ్చట ఎత్తితే చాలు, "గెల్సిండ్రా, ఓడిండ్రా?" అని అడుగుతారు. మిగతాదంతా ఊకదంపుడు కింద జమ. నాకు చెప్పాలని ఉన్నది మాత్రం ఆ మిగతాదే.

నేను తాండూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. పదిహేనేళ్లుగా అవే పాఠాలు, అవే నోట్సు. డిమాండు, సప్లయి, నిరుద్యోగంలో రకాలు. నిరుద్యోగంలో ఎన్ని రకాలున్నాయో మా పిల్లలు గడగడా చెప్తారు, ఆ తర్వాత డిగ్రీ చేసి అందులో ఏదో ఒక రకంలో చేరతారు. నాకు కోపం ఎక్కువ. పిల్లల గురించి ఈ మాట అన్నప్పుడల్లా ప్రిన్సిపాల్ నన్ను ఎగాదిగా చూస్తాడు.

మేడం వికారాబాద్ కోర్టులో వకీలు. ఎవరి అండా లేకుండా స్వతంత్రంగా నిలబడాలనుకున్నారు. కంది చేలు పూతకొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా స్టాఫ్ రూముకి వచ్చి, కాలు ఊగే కుర్చీలో జాగ్రత్తగా కూర్చొని, సూటిగా విషయానికొచ్చారు.

"సార్, కొలువులిస్తమని అందరంటరు. నేనూ అంటె నాకూ వాళ్లకూ ఫరక్ ఏముంటది? నాకు కాయిదం మీద కావాలె. ఎవరికి, ఏం పని, ఎట్ల. అందుల ఒక్క అబద్ధం ఉండొద్దు. మీరు రాసిస్తరా?"

రాసిస్తరా అని అడిగితే నేనెందుకు ఆగుతాను? పదిహేనేళ్లుగా ఎవరూ నన్ను ఏమీ రాయమనలేదు. మూడు వారాలు కూర్చొని నలభై పేజీలు రాశాను. పైన "సమగ్ర ఆర్థిక వృద్ధి, ఉపాధి కల్పన ప్రణాళిక" అని పెద్దక్షరాల్లో పెట్టుకున్నాను. రాసింది నేనే చదువుకొని నేనే మురిసిపోయాను. ఇంట్లో మా ఆవిడ మొదటి పేజీ చూసి, "మంచిగుంది, గని ఎవరికోసం?" అంది. ఆ మాటకే రెండు రోజులు అలిగాను.

ఆ కాగితాలు పట్టుకొని మేడంతో కలిసి మొదటిసారి యాలాల్ దగ్గర ఒక ఊరికి వెళ్లాను. చేనుపనుల నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు రచ్చకట్ట దగ్గర కూర్చున్నారు. మేడం నన్నే చదవమన్నారు. గొంతు సవరించుకొని, "మేము వస్తే ప్రతి ఇంటికీ ఉపాధి కల్పిస్తాం" అని మొదలుపెట్టాను.

ముందు వరసలో ఉన్నావిడ కొంగు విసిరి లేచింది. "మళ్ళ తవ్వుడేనా? గిప్పటికే నడుములు పడిపోయినయ్ గాదా!"

నాకేమీ అర్థం కాలేదు. మేడంకి అర్థమైంది, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మా ఊళ్లల్లో ఉపాధి అంటే ఒకటే ఉపాధి: గడ్డపార, తట్ట, ఎండలో కందకం. వందరోజుల పనికి ఉన్న పేరు అది. ఇంటింటికీ ఉపాధి అంటే ఇంటింటికీ ఒక గడ్డపార పంచుతామని చెప్పినట్టయింది. సర్దుకొని, "అది కాదమ్మా, ఆర్థిక వృద్ధి సాధిస్తాం" అన్నాను. వెనకనుంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. "వృద్ధుల పింఛనేనా సారూ? నాకు ఎప్పుడో అరవై నిండినయ్. నా పేరు రాస్కో."

తిరిగి వచ్చేటప్పుడు కారులో మేడం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వడం అయ్యాక ఆవిడ నెమ్మదిగా అన్నారు: "సార్, తప్పు వాళ్లది గాదు, మాటలది. మీరు ఏం ఇద్దమా అని రాసిండ్రు. వాళ్లకాడ ఏమున్నదో అడగలే. ఒక్కొక్కరికి ఏం పనొస్తదో అడిగి రాండ్రి. అటెన్క ప్లాన్ రాద్దం."

సరేనని ఒక ఫారం తయారుచేశాను. పేరు, ఊరు, వయసు, చదువు, చివర్లో నైపుణ్యం. నైపుణ్యం అంటే మళ్లీ ఏ పింఛను అనుకుంటారోనని, నోటితో "మీకేం పనొస్తది?" అని అడిగేవాణ్ని. సెలవురోజుల్లో బండి మీద ఊరూరా తిరిగాను. కోటి విద్యలు కూటి కొరకే అంటారు కదా, ఆ కోటిలో మా జిల్లాలో ఎన్ని ఉన్నాయో లెక్క తేలుద్దామని నా ఉబలాటం.

ఒక్కటి కూడా తేలలేదు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "నాకేం పనొస్తది సార్, ఏం రాదు." కోట్‌పల్లి చెరువు దగ్గర గొర్లు మేపుతున్న ఒక పెద్దాయన్ని అడిగాను. "ఏం రాదు బిడ్డా, గొర్లెంబడి తిరుగుడే" అన్నాడు. ఆయన ఆ మాట అంటుండగానే అవతలి గట్టు మీదనుంచి ఇంకొక మంద దిగి వచ్చి ఈయన మందలో కలిసిపోయింది. రెండు మందలూ ఒకే రంగు, ఒకే ఎత్తు. నేను కంగారుపడ్డాను, ఆయన పడలేదు. నాలుకతో ఏదో ఒక చప్పుడు చేశాడు. ఒకటే ఒకసారి. అంత పెద్ద గుంపులోంచి ఆయన గొర్లు మాత్రమే తలలెత్తి, పక్కవాటిని తోసుకుంటూ, వచ్చి ఆయన చుట్టూ నిలబడ్డాయి. నా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. అయినా ఫారంలో ఏం రాశానో తెలుసా? నైపుణ్యం: లేదు. ఆయన చెప్పింది రాయడమే నా పని అనుకున్నాను. చదువుకున్న మూర్ఖుడికి కొమ్ములుండవు.

చివరి ఫారం మా అక్కది. సొంత మనిషి కదా, ఎప్పుడైనా రాయొచ్చులే అని ఆఖరుకు ఉంచాను.

మా అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. మా నాయిన నేలకు పరిచే నాపరాయి బండల గనుల్లో పనిచేసేవాడు. రాళ్ల దుమ్ముకి ఛాతీ పాడైపోయి, వికారాబాద్‌లో గుట్టమీది దవాఖానలో చేరాడు. ఆ ఏడు అక్క ఏడో తరగతిలో బడి మానేసింది, నేను ఒకటో తరగతిలో చేరాను. అప్పటినుంచి ఆమె తాండూరులో బండల పనిలోనే ఉంది. ముందు ఒక పాలిష్ యూనిట్‌లో మోసేది. ఆ తర్వాత అక్కడే లోపలి పనిలో కుదిరింది. ఇప్పటికీ అదే యూనిట్, అదే షెడ్డు. బావ ఆటో నడుపుతాడు.

ఇన్నేళ్లలో ఆ యూనిట్ గేటు దాటి నేను లోపలికి వెళ్లింది లేదు. చిన్నప్పుడు సద్ది తీసుకొని పోతే గేటు దగ్గరే అందుకొని, "దుమ్ములకు రాకు, పోయి సదువుకో" అని తరిమేసేది. పెద్దయ్యాక నాకే వెళ్లాలనిపించలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి అక్క కందిపప్పు చెరుగుతోంది. మొహంలో కళ లేదు.

"ఏమైందక్కా?"

"షెడ్డు బంద్ చేస్తున్నరంటరా. నెలాఖరు దాంక పని, అటెన్క లేదు. బండలెవరు కొంటున్నరు గిప్పుడు? అందరికి టైల్సే గావాలె. సేటు షెడ్డును టైల్స్ గోదాముకు కిరాయికిస్తుండట."

"మరి నువ్వేం చేస్తవ్?"

"గదే ఫికర్. నలభై అయిదొచ్చినయ్. కొత్తగ నన్నెవరు పెట్టుకుంటరు? బండల దగ్గర్నే ఏదన్న పని దొరికితె బాగుండు. ఇంకేడికన్న పోతె నాకు చేతులు గాలిల ఉన్నట్టు అయితది." చాట పక్కన పెట్టి నా చేతిలో ఫారం చూసింది. "గిది మీ మేడం కాయిదమేనా? నా పేరు గూడ రాయి. రాస్తె పనొస్తదా?"

"రాస్తున్న. చెప్పు, నీకేం పనొస్తది?"

"నాకేం పనొస్తదిరా? ఊకె బండలు చూస్త."

బండలు చూస్త. అంటే కావలి కూర్చుంటుందన్నమాట, ఎవరూ ఎత్తుకుపోకుండా చూసుకుంటుందన్నమాట అనుకున్నాను. వయసు మీదపడ్డాక బరువులు ఎత్తలేక ఆ పని ఇచ్చి ఉంటారనుకున్నాను. పాపం అనికూడా అనుకున్నాను. చదువు దగ్గర ఏడు అని, నైపుణ్యం దగ్గర లేదు అని రాసి మడత పెట్టుకున్నాను.

ఫారాలన్నీ ముందేసుకొని రెండోసారి ప్రణాళిక రాశాను. ఈసారి చిన్న మాటలతో రాశాను. ఈ ప్రాంతంలో మనుషులున్నారు, చేతిలో పని లేదు, పని రాదు. కాబట్టి మూడు నెలలు శిక్షణ ఇచ్చి, కుట్టుపని, ప్యాకింగ్ పని నేర్పి, బట్టల షెడ్లు పెట్టించాలి. మేడం చదివి, బాగానే ఉందిగానీ నలుగురి ముందు పెట్టి తేల్చుకుందాం అన్నారు. హైదరాబాద్ నుంచి ఒక సలహాదారును పిలిపించారు. శిక్షణ కేంద్రాలు పెట్టించడంలో చెయ్యి తిరిగిన మనిషి. వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. "కాయిదాలు చాలు సార్, ఒక మనిషిని గూడ తీస్కరాండ్రి. పని రాని మనిషికి ఏం గావాల్నో ఆ మనిషి నోటినే విందం" అన్నారు.

నేను మా అక్కను తీసుకెళ్లాను. మరెవరినీ అడగాల్సిన అవసరం లేదు, ఛార్జీలూ కలిసొస్తాయి. ఆమె పెళ్లికి పోతున్నట్టు పట్టుచీర కట్టుకొని వచ్చింది. రైలు ధారూరు దాటాక మెల్లగా అడిగింది: "తమ్మి, గాడ నేనేమనాలె?"

"ఏం లేదక్కా. నాకు ఏ పనీ రాదు, నేర్పిస్తె నేర్చుకుంట అను. మేడం చూసుకుంటరు."

"కుట్టుమిషనా?"

"ఆ."

తన రెండు అరచేతులూ చూసుకుంది. "సరే తియ్, అంట" అంది. ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు.

హాల్లో యాభై మందిదాకా ఉన్నారు. సలహాదారు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ప్రణాళికంతా చదివొచ్చాడు, అక్కడక్కడా పెన్సిలుతో గీతలు కూడా పెట్టుకున్నాడు. "ఇక్కడి ప్రధాన సమస్య నైపుణ్యం లేకపోవడమే, మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మేడం అక్కను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పక్కనే ఫైలు పట్టుకొని నిలబడ్డాను.

"నమస్కారమమ్మా. రోజంతా మీరు ఏం చేస్తారో చెప్పండి" అన్నాడు సలహాదారు.

అక్క నావైపు చూసింది. నేను కళ్లతోనే, చెప్పిందే చెప్పు అన్నాను. కానీ ఆయన అడిగింది ఏం వస్తుంది అని కాదు, ఏం చేస్తారు అని. అక్క అడిగినదానికే జవాబు చెప్పే మనిషి.

"బండలు చూస్త సార్."

"అంటే కాపలానా?"

"కావలి గాదు సార్. కావలికి వేరే తాత ఉన్నడు. నేను చూస్త. మంచియేవో, చెడ్డయేవో."

"ఓహో. పగుళ్లు కనిపిస్తే తీసి పక్కన పెడతారు."

"కనవడితె ఎవరన్న తీస్తరు గద సార్. కనవడనియి చూస్త."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కనపడనివి చూడటమేమిటి? మేడం మాత్రం నవ్వలేదు. "కనవడనియి ఎట్ల చూస్తవక్క?" అని అడిగారు.

"చెవులతోని" అంది మా అక్క.

ఆ హాలు వెనక కొత్తగా వంటశాల కడుతున్నారు. నేలకు పరచడానికి తెప్పించిన బండలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. మేడం లేచి, "రా, చూపియ్" అన్నారు. ఆవిడ వెనక సలహాదారు, ఆయన వెనక హాలంతా. అక్కడున్న మేస్త్రీ ఇంతమందిని చూసి బీడీ పారేశాడు. అక్క ఆయన్ని ఒక మేకు అడిగి తీసుకుంది, పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంది, మొదటి బండ ముందు కూర్చుంది.

మేకుతో నడిమధ్య ఒకసారి కొట్టింది. రెండు మూలల్లో రెండుసార్లు కొట్టింది. తల కొంచెం పక్కకు వంచి, కళ్లు మూసుకొని వింది. "మంచిది." రెండోది. "మంచిది." మూడోది. "గిది ఇంట్లకు మంచిది, వాకిట్లకొద్దు. ఎండకు పెచ్చులు లేస్తది." నాలుగోది కొట్టి, మళ్లీ కొట్టి, "గిది మన దిక్కు రాయి గాదు. కర్ణాటక దిక్కుది" అంది. మేస్త్రీ నోరు తెరిచాడు. "అవునమ్మా, లోడు తక్కువైతె సేడం దిక్కునుంచి నాలుగు ఏసిండ్రు. నాకే యాదిలేదు" అన్నాడు. ఆరో బండ దగ్గర అక్క కళ్లు తెరిచింది. "గిది తీసెయ్యుండ్రి. ఇరిగిపోయింది."

సలహాదారు వంగి చూశాడు. నేనూ చూశాను. అద్దంలా ఉంది బండ. అంచులు సమంగా ఉన్నాయి, మధ్యలో ఒక గీత కూడా లేదు.

"ఇందులో ఏమీ లేదమ్మా" అన్నాడాయన.

"ఉన్నది సార్. జర నీళ్లు తెండ్రి."

మేస్త్రీ బకెట్టు తెచ్చాడు. అక్క దోసిలితో బండంతా తడిపి, "ఇగ ఊకె నిలవడుండ్రి" అంది. నిలబడ్డాం. యాభైమందిమి, వకీలు, సలహాదారు, ఎకనామిక్స్ మాస్టారు, ఒక బండ ఆరేదాకా చప్పుడు చేయకుండా నిలబడ్డాం. అంచుల నుంచి తడి ఆరుతూ వచ్చింది. అంతా ఆరిపోయింది. ఒకచోట మాత్రం ఆరలేదు. బండ నడిమధ్య, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, వెంట్రుకంత సన్నంగా, నల్లగా ఒక తడి గీత నిలిచిపోయింది.

అబ్బ! ఆ గీతను చూసినప్పుడు నాకు కలిగింది ఏమిటో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. భయం లాంటిది, సంతోషం లాంటిది. చిన్నప్పుడు మొదటిసారి గని అంచున నిలబడి కిందికి చూసినప్పుడు అనిపించినట్టే అనిపించింది. ఈమె నాకు జడలేసి బడికి పంపిన మా అక్క. చిన్నప్పుడు నాకు జుట్టు మొక్కు ఉండేది. ఈమె వంట చేస్తే ఉప్పు ఎక్కువైందని సణిగినవాణ్ని నేను. రాయి లోపల ఏముందో ఈమెకు వినిపిస్తుంది. డాక్టరు నాడి చూస్తాడు, వంటమనిషి రుచి చూస్తుంది, మా అక్క బండ చూస్తుంది. ఇన్ని చూడటాలున్న భాషలో పుట్టి, నాకు కావలి కూర్చోవడం ఒక్కటే తట్టింది. సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు, నేను ఊరూరా తిరిగి పని వచ్చిన మనుషుల కోసం వెతికాను.

నేనూ ఆ మేకు తీసుకొని కొట్టి చూశాను. మంచి బండా, విరిగిన బండా నాకు ఒకేలా మోగాయి. మేడం కొట్టారు, సలహాదారు కొట్టాడు, వాళ్లకూ అంతే.

"ఎవరు నేర్పారమ్మా మీకు?" సలహాదారు గొంతు మారిపోయింది.

"ఎవరు నేర్పుతరు సార్? పదేండ్లు నెత్తిమీద మోసిన. నెత్తిమీద పెట్టుకున్నంక చెవికి ఎంత దూరం? నడుస్తుంటె లోపట సప్పుడు ఇనస్తనే ఉంటది. మంచి బండ ఖంగుమంటది. ఇరిగేది జర బొంగురుగ మాట్లాడుతది." కొంచెం ఆగి, అదేదో తప్పు చేసినట్టు, "గిది గూడ పనేనా సార్?" అని అడిగింది.

మేస్త్రీ ముందుకొచ్చి, "అమ్మా, నీ ఫోన్ నంబరియ్యి" అన్నాడు.

అందరం మళ్లీ హాల్లోకి వచ్చాం. మేడం నా చేతిలోంచి ప్రణాళిక తీసుకొని కుట్టుమిషన్ల పేజీ చింపి పక్కన పెట్టారు. "బట్టల షెడ్డు తర్వాత. ముందు బండల కేంద్రం పెడదం. మన రాయిని గ్యారంటీతోని అమ్ముదం. ఒక్క ఇరిగిన బండ గూడ లేదని చెప్పి అమ్మితె కొనేటోళ్లు ఎందుకు రారు? ఈమె నేర్చుకునేటామె గాదు సార్, నేర్పేటామె. ఈమెనే మొదటి టీచర్."

అక్క మొహం చూడాలి అప్పుడు. కొంగు దోపింది దోపినట్టే ఉంది. అరచేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని, ఏదో వినపడుతున్నట్టు కదలకుండా కూర్చుంది. బండల దగ్గరే పని. అదీ మోసే పని కాదు, నేర్పే పని.

సలహాదారు పెన్సిలు కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట అనడానికి ఆయనకే కష్టంగా ఉంది. "నాకూ అదే కావాలనుంది మేడం. కానీ నిబంధన ఒకటుంది. శిక్షకులకు కనీసం పదో తరగతి ఉండాలి. అది లేకపోతే కేంద్రానికి గుర్తింపే రాదు. ఎందాకా చదివారమ్మా మీరు?"

"ఏడు" అంది అక్క. ఆ తర్వాత, ఎవరిమీదా నిష్ఠూరం లేకుండా, వంటింట్లో ఏమున్నాయో ఏం లేవో చెప్తున్నట్టు చెప్పింది: "మా ఇంట్ల పదో తరగతి ఒక్కటే ఉండె సార్. ఇద్దరికి సరిపోకుండె. గందుకే మా తమ్మికిచ్చిన. అగో, ఫైలు పట్టుకొని నిలవడ్డడు."

యాభై మొహాలు నావైపు తిరిగాయి. నేను ఆ ఫైలు ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాను. అందులో మా అక్క ఫారం ఉంది, నా చేతిరాతతో, నైపుణ్యం: లేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. నిబంధన మార్పించడం నా పూచీ అన్నారు మేడం. ఓడిపోయారు కాబట్టి ఆ పూచీ అలాగే ఉండిపోయింది. బండల కేంద్రం రాలేదు. నెలాఖరుకు షెడ్డు మూసేశారు, టైల్స్ దిగాయి. కానీ మేస్త్రీ ఫోను చేశాడు. ఆయన చెప్తే ఇంకొకాయన చేశాడు. ఇప్పుడు లోడు దింపే ముందు అక్కను పిలిపించుకునేవాళ్లు కొడంగల్ దిక్కు ఉన్నారు, వికారాబాద్‌లో ఉన్నారు, కన్నడం మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఒక్కతే తిరగలేక, షెడ్డులో తనతో పనిచేసిన ఇద్దరిని వెంటబెట్టుకొని పోతోంది. వాళ్లకు వినడం నేర్పుతోంది. మా నలభై పేజీల ప్రణాళికలోంచి పుట్టిన కొలువులు ఈ మూడే. అవి కూడా అందులో రాసినవి కావు.

ఆ సాయంత్రం మాత్రం ఇవేవీ మాకు తెలియదు. పని ఉంటుందో పోతుందో తేలకుండానే వికారాబాద్‌లో తాండూరు రైలెక్కాం. అక్కకు కిటికీ పక్కన సీటు దొరికింది. పల్లికాయలు కొనుక్కొని, ఒలిచి, గింజలు నా చేతిలో పోస్తోంది, చిన్నప్పటిలాగే. ఎన్నో మాటలు కూడగట్టుకొని చివరికి అన్నాను:

"అక్కా, నా పదో తరగతిల సగం నీదే."

ఆమె ఒలవడం ఆపి, నావైపు తిరిగి, నిజంగానే ఆశ్చర్యపోయింది.

"సగమేందిరా? పురాగ నాదే. నువ్వు ఊకె పోయి పరీక్ష రాసొచ్చినవ్."